ఎవరూ ఎక్కని బస్సు

బావా,

అలక తీరిందా? తలుపేసుకుని కూర్చున్నావని, జన్మలో కంప్యూటర్ జోలికి పోనని ఒట్టు పెట్టుకున్నావని అత్తయ్య చెప్పింది. "నువ్వైనా చెప్పవే, నా మాట చెవిన పెట్టడం లేదు" అంది. నువ్వు ఫోన్ ఎత్తవు కనుక, ఈ ఉత్తరాన్ని తలుపు కింద నుంచి తోయమని అత్తయ్యకే పంపిస్తున్నాను.

నిన్నటి పోటీలో బస్సు సీట్లు పంచే ప్రోగ్రామ్ అందరికంటే ముందు రాసింది నువ్వే. రాసి ఊరుకున్నావా? పెళ్లికొడుకులా రొమ్ము విరుచుకుని నా వెనక నిలబడి, "ఇంకా అక్కడే ఉన్నావా మరదలా?" అన్నావు. తర్వాత జడ్జి మేడమ్ ప్రయాణికులు ఒక్కరూ లేని బస్సునిచ్చి పరీక్షించారు. నీ ప్రోగ్రామ్ ఎవరైనా ఎక్కకపోతారా అని ఎదురుచూస్తూ అక్కడే ఆగిపోయి బిక్కమొహం వేసింది. నాది నత్తనడకే అయినా, "ఎవరూ లేరు" అని చెప్పి బయటపడింది.

మొదటి బహుమతికి నన్ను పిలిచినప్పుడు నీ కోసం చూశాను. అప్పటికే వెళ్లిపోయావు. చిన్నప్పటి నుంచి నేనేం గెలిచినా ముందు ఈల వేసేది నువ్వే కదా. హాలంతా చప్పట్లు కొట్టినా నాకేదో వెలితిగానే ఉంది.

ఫైనల్స్‌కి నాకు నచ్చిన ఒకరిని జట్టులోకి తీసుకోవచ్చట. నాకు వేగం లేదు, నీకు నిదానం లేదు. అందుకని నిన్ను అడక్కుండానే నీ పేరు ఇచ్చేశాను. ఆదివారం పొద్దున్నే మా ఇంటికి వచ్చెయ్. మొహం చెల్లదనుకుంటే దాన్ని అక్కడే వదిలేసి, చేతులు రెండూ తెచ్చుకో.

నీ మరదలు