పిట్ట లేని ఫోటో

ఎస్తేరూ,

వందనాలు. మొగుడు పెళ్ళానికి వందనాలు పెట్టడమేందని నవ్వుతావని తెలుసు. ఎట్లా మొదలుపెట్టాలో తోచక అట్లా రాశాను. మనం ఒకరికొకరం ఉత్తరాలు రాసుకున్నదెప్పుడు? పెండ్లయినప్పటి నుంచి నన్ను వదిలి నువ్వు ఎక్కడికీ పోయింది లేదు... పోయిన ఏడాది దాకా.

నువ్వు పోయి ఏడాదయింది. స్టూడియో నడుస్తోంది. మన సలోమి నంద్యాలలో టీచర్ ట్రైనింగు చదువుతోంది. ఇంటికి వచ్చినప్పుడల్లా హాస్టలు సాంబారును తిట్టిపోస్తుంది. ఆళ్ళగడ్డ జనం ఇప్పుడు కలర్ ఫోటోలు కావాలంటున్నారు. ఆ రీళ్ళు మద్రాసుకు పంపి కడిగించాలి. అవి తిరిగి వచ్చేలోపు పెండ్లికూతురు కాన్పుకు పుట్టింటికి వస్తుంది.

కొడవలి పిట్టలు బాగున్నాయి. నువ్వు మొదట అడిగేది అదే కదా... ముందు చెప్పాల్సింది వెనక చెప్పాను.

మనం మొదట చూసుకున్న రోజు గుర్తుందా? డెబ్బైల మొదట్లో నంద్యాల చర్చిలో మీ పిన్నమ్మ కూతురి పెండ్లి. ఫోటోలకు ఆళ్ళగడ్డ నుంచి నన్ను పిలిపించారు. అందరినీ మెట్ల మీద నిలబెట్టి, నాకు వచ్చిన ఒకే ఒక్క మాట చెబుతున్నాను. గడ్డం కొంచెం పైకి... ఇంకొంచెం పైకి... పెండ్లికూతురి పక్కనున్న నువ్వు ఉన్నట్టుండి అన్నావు: “ఏందప్పా, మాకేనా చెప్పేది? నీ గడ్డం గూడా రవ్వంత పైకెత్తి సూడు.”

ఎత్తాను. గంట గోపురం చుట్టూ నల్లటి పిట్టలు గుంపుగా, కీచుకీచుమని అరుస్తూ, ఎవరో తరుముతున్నట్టు తిరుగుతున్నాయి. నేను పిచ్చుకలనుకున్నాను. “పిచ్చుకైతే యాడన్నా కూసుంటాది. ఇవి కూసోవు. దమ్ముంటే వాటిని తీయి” అన్నావు. వాటి రెక్కలు కొడవళ్ళలా వంగి ఉన్నాయి, తోక మొదట్లో చిన్న తెల్లటి పట్టీ ఉంది. వాటిని స్విఫ్ట్ అంటారని తర్వాత ఎవరో చెప్పారు గానీ, నీకు చిన్నప్పటి నుంచీ అవి కొడవలి పిట్టలే. నాకూ అంతే అయ్యాయి.

ఆ రోజు తీయలేకపోయాను. ఆ సాకుతోనే మళ్ళీ మళ్ళీ నంద్యాల బస్సెక్కాను. చర్చి పక్కనే మీ ఇల్లు. పిట్టల కోసమే వస్తున్నానని మీ నాయన నిజంగా నమ్మాడా? నేనెప్పుడూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

పెండ్లయి నువ్వు ఇక్కడికి వచ్చాక చూపించావు, మన చర్చి వసారా కప్పుకు కూడా వాటి గూళ్ళు ఉన్నాయని. నేను పుట్టి పెరిగిన ఊరు. ప్రతి ఆదివారం ఆ గూళ్ళ కిందుగానే లోపలికి పోయేవాణ్ణి. ఒక్కసారీ తలెత్తలేదు. గాల్లో ఎగురుతూనే ఈకలను నోటితో అందుకుంటాయని, వాటిని ఎంగిలితో అతికించి గూడు కట్టుకుంటాయని నువ్వు చెబితే నమ్మలేదు. ఒకరోజు కోడి ఈకను గాలికి వదిలావు. ఎక్కడి నుంచో ఒకటి దూసుకొచ్చి ఎత్తుకుపోయింది. నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. కెమెరా మెడలోనే ఉంది.

ముందర రెండు లెన్సులున్న నా రెండు కళ్ళ కెమెరాతో పడిన పాట్లు నీకు తెలియనివి కావు. దాన్ని పొట్ట దగ్గర పెట్టుకుని పైనుంచి అద్దంలోకి చూడాలి. ఆ అద్దంలో కుడి ఎడమవుతుంది. పిట్ట కుడికి పోతే అందులో ఎడమకు పోతుంది. నేను దాని వెంట తిరగబోతే మొత్తానికే మాయమవుతుంది. కుదురుగా కూర్చునే మనుషులతో ఈ బాధ లేదు. చర్చి ముందు నేను గుండ్రంగా తిరుగుతుంటే నువ్వు కడుపు పట్టుకుని నవ్వేదానివి. నాకు గానుగెద్దు అని పేరు పెట్టింది అప్పుడే. నవ్వడం అయ్యాక మాత్రం దారి చెప్పావు. “పోయినాక దాని యెనక తిరిగితే ఏమొస్తాది? అది వచ్చే తావు సూసుకొని నిలబడు.”

అట్లాగే నిలబడ్డాను. వసారా కమాను దగ్గర ఫోకస్ పెట్టుకుని, బటన్ మీద వేలు పెట్టి. నువ్వు ఆకాశం చూస్తూ “ఆ!” అనేదానివి. నేను నొక్కేవాణ్ణి.

రీలుకు పన్నెండు ఫోటోలే కదా. పాస్‌పోర్టు ఫోటో దిగినవాళ్ళు సాయంత్రానికల్లా కావాలంటారు. రీలు అయిపోనిదే కడగలేం. మిగతా స్టూడియోల వాళ్ళు ఆ మిగిలిన వాటికి ఇంట్లో పిల్లల్నో, వీధిలో కుక్కనో తీసేవాళ్ళు. మన రీళ్ళన్నీ పిట్టలతో అయ్యేవి. ఉద్యోగం అప్లికేషను కోసం ఊపిరి బిగబట్టుకున్న ఒక ముఖం, ఆ పక్కన ఖాళీ ఆకాశం, ఆ పక్కన ఒక మసక గీత. ఆ గీతే మన పిట్ట. నేను నెగెటివ్‌ను వెలుతురుకు పెట్టి తిట్టుకుంటుంటే, నువ్వు నా భుజం మీదుగా చూసి “గీతన్నా వచ్చింది గదా” అనేదానివి. ఆ మాట పట్టుకుని ఎన్నేళ్ళు తీశానో...

నువ్వు శనివారం ఒంటిపూట బడిలో పాఠాలు చెప్పి రాగానే పొరక తీసుకుని చర్చికి పోయేదానివి. గూళ్ళ కింద రెట్టలు పడతాయి, ఆదివారం తెల్లబట్టలతో వచ్చేవాళ్ళకు చిరాకు. మా సంఘపెద్ద యోహాను మామ ఒకసారి గూళ్ళు రాలగొట్టిస్తానన్నాడు. నువ్వు అడ్డం నిలబడ్డావు. “పైన నువ్వు ముట్టుకోవద్దు మామా, కింద నేను సూసుకుంటా.” అంతటితో ఆ మాట ఆగిపోయింది. నువ్వు మాత్రం ఒక్క శనివారమూ ఆపలేదు.

ఇప్పుడు మన గోడ మీదున్న ఆ ఫోటో తీసింది కూడా శనివారమే. వాన కొట్టి వెలిసింది. వసారాలో ఒక కొడవలి పిట్ట నేల మీద పడి ఉంది. దాని కాళ్ళు ఉన్నాయా లేవా అన్నంత చిన్నవి. రెక్కలు పరుచుకుని నేల మీద కొట్టుకుంటోంది, లేవలేకపోతోంది. పైకి విసిరెయ్యమన్నాను. “విసిరేదానికి అదేమన్నా రాయా? చేతులెత్తి పట్టుకుంటే సాలు. దానికి పోబుద్దయినప్పుడు అదే పోతాది” అన్నావు. చెంగుతో దాని తడి అద్ది, దోసిట్లో పెట్టుకుని, వసారా బయటికి వచ్చి చేతులు పైకెత్తావు.

నేను నీ దోసిలికి ఫోకస్ పెట్టి కాచుకున్నాను. ఇంత దగ్గరగా ఇంకెప్పుడు దొరుకుతుంది? నీ చేతులు వణకడం అద్దంలో కనిపిస్తోంది. అయినా నువ్వు దించలేదు. పిట్ట పోయింది. నొక్కాను. రవ్వంత ఆలస్యం.

కడిగితే పిట్ట లేదు. ఎత్తిన చేతులు, విచ్చుకున్న వేళ్ళు, పైకి తిరిగిన ముఖం, సగం తెరిచిన నోరు... నువ్వే ఉన్నావు. వేస్టయిందనుకుంటూనే ఒక ప్రింటు వేసి కవర్లో పడేశాను. నువ్వు అది తీసి చూసి అన్నావు: “పిట్ట పోయిందంటే మంచిగొచ్చినట్టే గదప్పా.” నేను విసుక్కున్నాను. నువ్వు నవ్వుకుంటూ వంటింట్లోకి పోయావు.

కర్నూలు ఆసుపత్రి నుంచి నిన్ను తెచ్చిన రోజు నాకు సరిగా గుర్తు లేదు. దారిలో శిరివెళ్ళ దాటాక సలోమి నా చెయ్యి పట్టుకుంది, అది గుర్తుంది.

జ్ఞాపకార్థ కూడికకు నీ ఫోటో కావాలన్నారు. ఊరందరి ఫోటోలు తీసినవాడి ఇంట్లో నీ ఒక్కదాని ఫోటో లేదు! గ్రూపుల్లో ఏదో మూలన, సగం ముఖం... సలోమే వెతికి వెతికి ఆ కవర్లోంచి దీన్ని తీసింది. పెద్ద సైజు చేసి ఫ్రేము కట్టించాం. పాస్టరు అయ్యగారు ప్రసంగంలో ఆ ఫోటో చూపించి, చేతులెత్తి దేవుణ్ణి స్తుతిస్తున్న ఆ ముఖం చూడండి అన్నారు. అందరూ ఆమేన్ అన్నారు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నీ ప్రార్థన నాకు తెలియదా? పొయ్యి ముందు నిలబడి, పాలు పొంగుతాయేమోనని ఒక కన్ను తెరిచి చేసేదానివి.

తర్వాత చాలా నెలలు తల దించుకునే తిరిగాను. స్టూడియోలో మాత్రం అదే మాట, గడ్డం కొంచెం పైకి. ఎవరికి చెబుతున్నానో...

ఈ వేసవిలో చర్చికి సున్నం వేయాలని సంఘం కూర్చుంది. గూళ్ళన్నీ తీసేసి వసారా కప్పు కూడా తెల్లగా చేయాలన్నారు. ఊడ్చే తల్లి పోయె, ఇంగ ఈ రెట్టలు ఎవరు ఎత్తాలప్పా అన్నాడు యోహాను మామ. ఆయన కోపంగా అనలేదు. ఉన్న మాటే అన్నాడు. పైన గూళ్ళలో పిల్లలు కీచుమంటున్నాయి. ఆ గూళ్ళు రాలితే నువ్వు రెండోసారి పోయినట్టే అనిపించింది నాకు.

ఇంటికి పోయి గోడ మీది నీ ఫోటో తెచ్చి వాళ్ళ మధ్య పెట్టాను. ఇది స్తుతి కాదు, పిట్టను వదులుతోంది అని చెప్పాను. వానా, నేల మీది పిట్టా, వణికిన చేతులూ... అన్నీ చెప్పాను. సంఘంలో నేను అంతసేపు మాట్లాడటం అదే మొదలు. అయ్యగారు ఫ్రేము ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూశారు. ఆఖరికి యోహాను మామే అడిగాడు, సరే, ఊడ్చేదెవరని. నేను ఊడుస్తానన్నాను. అందరూ నవ్వారు. తిన్న కంచం తీయనివాడినని ఊరందరికీ తెలుసు కదా.

చర్చికి సున్నం పడింది. వసారా కప్పు మాత్రం పాతదే. కొత్త చొక్కా కింద పాత పంచె కట్టినట్టుంది. గూళ్ళు ఉన్నాయి, ఎస్తేరూ. పిల్లలు ఎగిరిపోయాయి కూడా.

నీ పొరక డార్క్‌రూం తలుపు వెనక దొరికింది. నాకు ఊడ్చడం రాదు. మొదటి వారం గాలికి ఎదురుగా ఊడ్చి అంతా ముఖాన పోసుకున్నాను. ఇప్పుడు కొంచెం నయం.

పోయిన శనివారం గాలివాన తర్వాత ఒకటి కింద పడి ఉంది. కెమెరా స్టూడియోలో ఉంది. తెచ్చుకుందామా అని ఒక అడుగు వేసి ఆగాను. పొరక పక్కన పెట్టి, పిట్టను దోసిట్లోకి తీసుకుని చేతులెత్తాను. ఎంత తేలికో! దాని గుండె మాత్రం నా అరచేతినంతా కొడుతోంది. ఎంతకూ పోదు. నా చేతులూ వణకడం మొదలైంది. అప్పుడు తెలిసింది, ఆ రోజు నువ్వెంత ఓర్చుకున్నావో. పోయింది. పోయాక కూడా చేతులు దించబుద్ధి కాలేదు.

ఎంతసేపటికో తల తిప్పితే యోహాను మామ. తాళం తీయడానికి వచ్చినవాడు, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, తల వంచుకుని నిలబడి ఉన్నాడు. పోయిందా అని మెల్లగా అడిగాడు. పోయింది మామా అన్నాను. ఫోటో చూసి అయ్యగారు అన్నది మరీ తప్పేమీ కాదేమో, ఎస్తేరూ...

నీకు నేనెప్పుడూ కృతజ్ఞతలు చెప్పలేదు. చెబితే నవ్వేదానివి. ఇప్పుడు నవ్వినా సరే, చెబుతున్నాను. నా తల పైకెత్తించినందుకు. గీతన్నా వచ్చిందని ఇన్నేళ్ళు నన్ను నిలబెట్టినందుకు. ఆ రోజు నా వేలు ఆలస్యమైనందుకు కూడా... పిట్ట దొరికి ఉంటే నువ్వు ఇట్లా దొరికేదానివా?

రేపు శనివారం. పొరక తలుపు వెనకే ఉంది. ఊడుస్తాను, ఆ తర్వాత శనివారమూ ఊడుస్తాను. కెమెరా తీసుకుపోను, చేతులు ఖాళీగా ఉండాలి కదా. గడ్డం మాత్రం పైకే ఉంచుతాను.

నీ
గానుగెద్దు