దయచేసి ఒక్క ఆట ఓడిపోండి

నోవా లూకా, ఐయోవా
5 జూన్ 1958

హార్మన్ క్రేన్స్ బేస్‌బాల్ క్లబ్బు వారికి వ్లాస్తా క్రెయ్చి నమస్కరించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం అని రాయాలి గాని, అబద్ధం ఎందుకు?

మీ జట్టుకి యాభై ఏళ్ళు నిండాయనీ, క్లబ్బు చరిత్రలో మరపురాని ఘట్టాలేవో అభిమానుల్ని రాసి పంపమన్నారనీ పేపర్లో చూశాను. నా మరపురాని ఘట్టం ఇంకా జరగలేదు. మీరు ఓడిపోయిన రోజున జరుగుతుంది.

మే నెలలో మీరు వరసగా గెలవడం మొదలుపెట్టిన రోజున మా ఆయన ఎమిల్ కారు షెడ్డులో బోర్లించిన బకెట్ మీద కూర్చుని రేడియో వింటున్నారు. ఆనాటి నుంచి ప్రతి ఆటా అదే బకెట్ మీద, అదే ఆకుపచ్చ చొక్కాలో వింటున్నారు. చొక్కా ఉతికితే మీరు ఓడిపోతారట. పాలు పోసే అతను ఇప్పుడు సీసాలు గేటు దగ్గరే పెట్టి పోతున్నాడు.

ఈ నెల 21న, శనివారం రెండింటికి మా అమ్మాయి రోజలీ పెళ్ళి. సరిగ్గా రెండింటికే మీ ఆట. పిల్లని చర్చిలో చెయ్యి పట్టుకుని నడిపించాల్సిన తండ్రి, "వాళ్ళు గెలుస్తున్నంతకాలం నేను బకెట్ దిగను" అంటున్నారు. ఈలోగా ఒక్క ఆట ఓడిపోండి. నేను ఎవరికీ చెప్పను.

ఇట్లు,
వ్లాస్తా క్రెయ్చి

తా.క. వానకి ఆగిపోయిన ఆట ఓటమి కింద లెక్క రాదట. అడిగాను.

హార్మన్
9 జూన్ 1958

శ్రీమతి క్రెయ్చి గారికి, క్లబ్బులో అభిమానుల ఉత్తరాలు చూసే క్లారెన్స్ టటిల్ నమస్కారాలు.

మీరు మీ ఉత్తరంలో ఒక మాట వాడారు. మే నెల నుంచి ఆ మాట మా ఆఫీసులో ఎవరూ పలకడం లేదు. ఏదైనా సాగుతున్నప్పుడు దాని పేరెత్తితే ఆగిపోతుందని మా ఆటలో ఎప్పటినుంచో ఉన్న పట్టింపు. అందుకని ఆ మాటని నల్ల సిరాతో కొట్టేసి మీ ఉత్తరం ఫైల్లో పెట్టాను. ఇకమీదట "ఆ సంగతి" అని రాయగలరు.

ఆ సంగతి ఎంతదాకా వచ్చిందో, ఎప్పుడు ఆగుతుందో నేను చెప్పలేను. అసలు ఏ సంగతీ లేదు. అమ్మాయికి మా శుభాకాంక్షలు.

భవదీయుడు,
క్లారెన్స్ టటిల్

తా.క. చొక్కా గురించి మా మేనేజర్ గారికి చెప్పాను. "ఉతకొద్దని ఆవిడకి వెంటనే రాయవోయ్" అన్నారు. ఆయన కూడా గడ్డం గీసుకోవడం లేదు.

నోవా లూకా
11 జూన్ 1958

టటిల్ గారికి,

మంట ఆర్పమని రాస్తే కిరసనాయిలు పోశారు. మీ ఉత్తరాన్ని మా ఆయన షెడ్డు గోడకి మేకేసి తగిలించారు. "చూశావా, క్లబ్బు వాళ్ళే ఆర్డరేశారు. ఇంక నా చేతుల్లో ఏముంది?" అంటున్నారు.

నిన్న రోజలీ ఫోన్ చేసింది. "నాన్న రాకపోతే పోనీలే అమ్మా. బాబాయి చెయ్యి మాత్రం పట్టుకోను. ఒక్కదాన్నే నడుస్తాను" అంది. చిన్నప్పుడు ఆయన భుజం దిగని పిల్ల అది.

ఆదివారం దాకా చూస్తాను. ఈలోపు ఓడిపోయారా, సరే. లేదంటే చొక్కా సబ్బునీళ్ళలో పడుతుంది.

ఇట్లు,
వ్లాస్తా క్రెయ్చి

తా.క. ఏ సంగతీ లేదన్నారు. లేని సంగతికి మీ మేనేజర్ గడ్డమెందుకు పెంచుతున్నట్టు?

హార్మన్
13 జూన్ 1958, ఉదయం

శ్రీమతి క్రెయ్చి గారికి,

మీకు చేతులెత్తి మొక్కుతాను, చొక్కా జోలికి పోకండి. ఈ రాత్రి ఆట ఉంది. అసలే శుక్రవారం, అందులోనూ పదమూడో తేదీ. సబ్బు మాట మేనేజర్ గారి చెవిన వెయ్యలేదు, ఆయన గుండె అంత గట్టిది కాదు.

ముహూర్తం నాలుగింటికి జరపడం కుదురుతుందేమో ఫాదర్ గారిని అడిగి చూడండి. పెళ్ళికానుకగా ఒక గోడ గడియారం పంపుతున్నాం.

భవదీయుడు,
క్లారెన్స్ టటిల్

తా.క. గడియారం చప్పుడు కొంచెం ఎక్కువ. మా ఆఫీసులో అందరం కలిసి దాన్నే ఎంచాం, ఎందుకంటే అది మా ఆఫీసుదే.

నోవా లూకా
16 జూన్ 1958

టటిల్ గారికి,

గడియారం అందింది. బాగుంది కాబట్టి తిప్పి పంపడం లేదు. కోపం మాత్రం అలాగే ఉంది. నాలుగింటికి ఫాదర్ గారికి ఇంకో పెళ్ళి ఉందట.

శుక్రవారం నుంచి మా ఆయనకి మరీ ముదిరింది. భోజనం కాగానే షెడ్డులోకి పోయి లోపల గొళ్ళెం పెట్టుకుంటున్నారు. పేపరు కూడా అక్కడికే పోతోంది. "ఆట ఎలా ఉంది?" అంటే "ఉంది" అంటారు. పక్కింటి మిల్డ్రెడ్‌ని "క్రేన్స్ ఇంకా గెలుస్తున్నారా?" అని అడిగితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. మీ పట్టింపు ఊరంతా పట్టుకుంది.

ఇంక లాభం లేదని, నిన్న ఆదివారం, అన్నంత పనీ చేశాను. చొక్కా ఉతికేశాను.

ఇట్లు,
వ్లాస్తా క్రెయ్చి

తా.క. పొద్దున ఆ చొక్కా తొడుక్కుని, వాసన చూసి, "హాయిగా ఉందే" అన్నారు. ఒక్క కేక కూడా వెయ్యలేదు. నాకిప్పుడు నిజంగా భయంగా ఉంది.

హార్మన్
18 జూన్ 1958

శ్రీమతి క్రెయ్చి గారికి,

ఇప్పుడు రాయవచ్చు. వరస గెలుపులు. వరస గెలుపులు. రెండుసార్లు రాశాను, ప్రాణం లేచొచ్చింది.

శుక్రవారం రాత్రి చిత్తుగా ఓడిపోయాం. ఆట అవగానే మేనేజర్ గారు "అమ్మయ్య" అన్నారు. అంతే, కుర్రాళ్ళంతా సబ్బుల కోసం కొట్టుకున్నారు. ఒకడు మే నెల నుంచి ఎడమకాలి మేజోడు విప్పలేదట, దాన్ని విప్పడానికి ఇద్దరు సాయం పట్టారు. క్లబ్బు చరిత్రలో ఇంత సంతోషంగా ఓడిన రోజు ఇంకోటి లేదు.

మీ చొక్కా తడిసింది ఆదివారం కాబట్టి ఈ ఓటమిలో మీ తప్పేమీ లేదని మేనేజర్ గారికి కాగితం మీద రాసి ఇచ్చాను.

భవదీయుడు,
క్లారెన్స్ టటిల్

తా.క. శనివారం నుంచి నిన్నటిదాకా మాకు అసలు ఆటే లేదు. మరి మీవారు షెడ్డులో ఏం వింటున్నట్టు?

నోవా లూకా
23 జూన్ 1958

టటిల్ గారికి వ్లాస్తా అనేక నమస్కారాలు.

మీ ఉత్తరం గురువారం సాయంత్రం అందింది. అది పట్టుకుని తిన్నగా షెడ్డుకి పోయి తలుపు దబదబా బాదాను. లోపల రేడియోలో జంటలు ఆడే వాల్ట్జ్ సంగీతం. గొళ్ళెం తీసిన మనిషి చెమటతో తడిసి ముద్దయిపోయి ఉన్నారు. చంకలో కోళ్ళ దాణా బస్తా. దాని నెత్తిన రోజలీ పాత టోపీ.

మా వాళ్ళ పెళ్ళిళ్ళలో విందు కాగానే మొదటి పాటకి తండ్రీ కూతుళ్ళు కలిసి నాట్యం చెయ్యాలి. ఈయనకి ఆ విద్య రాదు. మా పెళ్ళిలో నాతో రెండడుగులు వేసేసరికి నా కాలి గోరు ఊడింది. ఇంక ఆ తర్వాత ఎవరు పిలిచినా లేవలేదు.

"ఓడిపోయారని శుక్రవారమే తెలుసుగా, నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెబితే షెడ్డులో ఏం చేస్తున్నావంటావ్. చెప్పకపోతే పిచ్చోడనుకుంటావ్. పిచ్చోడనుకోవడమే నయమనిపించింది" అన్నారు. "పిల్ల పరువు పోకూడదుగా, వ్లాస్తా. ఊరంతా చూస్తారు."

అక్కడే బకెట్ మీద కూలబడి ఏడ్చాను. బెంగంతా ఒక్కసారి దిగిపోతే ఏడుపే వస్తుందని నాకప్పటిదాకా తెలియదు.

శనివారం రోజలీ తండ్రి చెయ్యి పట్టుకునే నడిచింది. విందులో ఆయన "ఒకటి, రెండు, మూడు" అని పైకే లెక్కపెడుతూ ఒక పాటంతా నాట్యం చేశారు. పిల్ల కాళ్ళు క్షేమం. మీ ఆట సంగతి ఆ రోజు ఒక్కసారి కూడా అడగలేదు.

ఉంటాను,
వ్లాస్తా క్రెయ్చి

తా.క. రెండో పాటకి నా ముందుకొచ్చి చెయ్యి చాపారు. భయపడుతూనే లేచాను. సగం పాటలో చెవి దగ్గరికి వంగి, "బస్తా కంటే నువ్వు చాలా తేలిగ్గా ఉన్నావే" అన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నన్ను పొగడడం ఇదే మొదలు.