మధ్య సీటులో గేరు

జూన్ 3

క్లచ్ ప్లేటు మళ్ళీ మాడింది. మామయ్యగారి పాత ఫోర్‌వీల్ ట్రక్కును తాడు కట్టి లాక్కొచ్చారు. తేనెటీగల పెట్టెలు కొండమీదే ఉండిపోయాయి. ఇంకోసారి ఇలా జరిగితే బండి అమ్మేస్తానని, పెట్టెలు ఎవరికైనా ఇచ్చేస్తానని మా ఆయన నాతో అన్నాడు. వినాల్సిన మనిషి గోడకి అవతలే ఉన్నారని తెలిసే, కాస్త గట్టిగా అన్నాడు.

అత్తయ్య నెల్లాళ్ళు మా ఆడపడుచు ఇంట్లో ఉండి ఈ సాయంత్రమే వచ్చారు. వచ్చీ రాగానే ఈ గొడవ.

జూన్ 4

మెకానిక్ ఆ ప్లేటు నా చేతిలో పెట్టి వాసన చూడమన్నాడు. చూశాను. కాలిన గోరు వాసన. ఆగిన బండిని ఎవరో ఫస్ట్ వెయ్యకుండా సెకండ్ గేరులో కదిలిస్తున్నారు, అదీ ఎత్తు మీద, అన్నాడు.

మామయ్యగారు పక్కనే ఉన్నారు. క్లచ్ మీద కాలు ఆనించడం మహాపాపమని మా అందరికీ పాఠాలు చెప్పే మనిషి. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డారు.

జూన్ 5, సాయంత్రం

మామయ్యగారు టీ కప్పు కుడిచేత్తో అందుకున్నారు. పేపరు కుడిచేత్తో తిప్పారు. చెవి వెనక దోమను కూడా కుడిచేత్తోనే కొట్టుకున్నారు, ఎడమ చెవి వెనకదాన్ని. నేను చేసేది కృత్రిమ అవయవాల వర్క్‌షాపులో ఉద్యోగం. ఎవరు ఏ చెయ్యి దాస్తున్నారో కనిపెట్టడం అందులో సగం పని.

ఎడమ చెయ్యి ఎత్తమన్నాను. నీళ్ళు నమిలారు. మళ్ళీ అడిగాను. ఛాతీ దాకా వచ్చి ఆగిపోయింది. భుజం బిగుసుకుపోయింది. ఎప్పటి నుంచి అంటే మొన్నటి చలికాలం నుంచి అన్నారు. అంతకు ముందటి చలికాలం నుంచి అని వంటింట్లోంచి అత్తయ్య సరిదిద్దారు.

లెక్క తేలిపోయింది. ఆ బండికి గేరు కర్ర స్టీరింగ్ కిందే, కాలమ్ అనే గొట్టం మీద ఉంటుంది. సెకండ్, థర్డ్ వెయ్యడానికి వేళ్ళతో తోస్తే చాలు. ఫస్ట్‌కీ రివర్స్‌కీ మాత్రం చెయ్యి ఎత్తి, కర్రను తనవైపు లాగి పట్టుకుని తిప్పాలి. ఆ భుజం ఆ పని చెయ్యలేదు. అందుకే సెకండ్‌లోనే బండి కదిలిస్తున్నారు.

ఇన్నాళ్ళూ రివర్స్ ఎలా వేశారో మాత్రం అర్థం కాలేదు.

జూన్ 7

గేరును నేల మీదికి దించేస్తాను. ఫ్లోర్ షిఫ్టర్ కిట్టు దొరుకుతుంది. కర్ర మోకాలి దగ్గర ఉంటే భుజం ఎత్తే పనే లేదు. మా ఆయన సరే అన్నాడు. చేసేది నేను కాబట్టి వెంటనే అన్నాడు.

మామయ్యగారు మూతి ముడుచుకున్నారు. ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంచాను, ఇప్పుడు కడుపు కోస్తావా అన్నారు. అది ఊహించిందే. ఊహించనిది అత్తయ్య. ట్రక్కు గురించి ఇన్నేళ్ళలో ఒక్క మాట మాట్లాడని మనిషి, తేనె పోతే పోయింది, ఆ గేరు జోలికి మాత్రం వెళ్ళకమ్మా అన్నారు. ఎందుకని అడిగితే, మరి నేనెక్కడ కూర్చోను అన్నారు.

నిజమే. ముందు ఒకటే పొడుగు సీటు. వాళ్ళిద్దరూ ఎప్పుడు వెళ్ళినా ఆవిడ మధ్యలో, ఆయనకి ఆనుకుని కూర్చుంటారు. కిటికీ పక్కన కావలసినంత చోటు ఖాళీ. కొత్త జంట బయల్దేరిందని మా ఆయన వెక్కిరిస్తుంటాడు. కొత్త కర్ర సరిగ్గా ఆవిడ మోకాళ్ళ మధ్యకి వస్తుంది.

కిటికీ పక్కన గాలి బాగా వస్తుంది అత్తయ్యా అన్నాను. తెలివితక్కువదాన్ని చూసినట్టు చూశారు.

జూన్ 8

మా వర్క్‌షాపు పద్ధతి ఒకటే. మనిషికి కొలత సరిపడేదాకా ఇనుము ముట్టుకోకూడదు. అట్ట గొట్టం ఒకటి నిలబెట్టి మామయ్యగారిని సీట్లో కూర్చోబెట్టాను. చెయ్యి ఒళ్ళోంచి జారి గొట్టం మీద పడింది. ముందుకి, వెనక్కి, తనవైపుకి, అవతలికి. అన్నీ అందాయి. మొహంలో వెలుగు వచ్చింది. వెంటనే దాచుకున్నారు.

గేరు కర్ర పిడి, అదే నాబ్, పోయడానికి ఆయన ఎడమ అరచేతి అచ్చు తీశాను. ప్లాస్టర్ గట్టిపడేదాకా కదలొద్దన్నాను. ముక్కు దురద పెడుతోందన్నారు. కుడిచెయ్యి ఉందిగా అన్నాను.

జూన్ 11

భుజానికి డాక్టరు గోడ మీద వేళ్ళు పైకి పాకించే వ్యాయామాలు రాసిచ్చాడు. చేస్తున్నానని చెబుతున్నారు. గోడ మీద చేతి మరక ఒక్కటీ లేదు.

జూన్ 14, మధ్యాహ్నం

ఫ్లోర్ రేకు కోశాను. కటింగ్ వీల్ చప్పుడుకి అత్తయ్య లోపలికి వెళ్ళిపోయారు. కన్నం అంచులు అరగదీసి, గేర్‌బాక్స్ పక్కన కొత్త బ్రాకెట్ బిగించాను. తర్వాత పాత కర్ర విప్పుదామని కాలమ్ దగ్గర తల పెట్టాను.

కాలమ్ పెయింటు మీద గీతలున్నాయి. సన్నగా, ఒంపు తిరిగి, ఒకదాని మీద ఒకటి. డ్రైవరు వైపు కాదు. మధ్య సీటు వైపు.

అవి గాజుల గీతలు. రోజూ అంట్ల దగ్గర స్టీలు గిన్నెల మీద చూస్తూనే ఉన్నాను.

జూన్ 14, సాయంత్రం

అత్తయ్యను అడిగాను. ముందు ఏం గీతలన్నారు. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. తర్వాత చెప్పారు.

ఆయన క్లచ్ తొక్కి ఫస్ట్ అంటారట. ఈవిడ లాగి వేస్తారట. రివర్స్ అంటారట, వేస్తారట. మొదట్లో గరగరమనేదట, ఆయన కసురుకునేవారట. ఇప్పుడు ఆయన నోరు తెరవకముందే ఇంజన్ చప్పుడును బట్టి తెలిసిపోతుందట. ఎత్తు దగ్గరికి వచ్చేసరికి తన చెయ్యి దానంతటదే లేస్తుందట. బతుకులో ఎవరూ తనకి సైకిలు కూడా నేర్పలేదని, ఈ ఒక్కటీ వచ్చిందని అన్నారు. మా ఆయనకి తెలిస్తే బండి తాళాలు లాక్కుంటాడని ఇద్దరూ కుక్కిన పేనుల్లా ఉండిపోయారు.

ఆవిడ ఊరెళ్ళిన నెలలోనే క్లచ్ రెండుసార్లు మాడింది. రివర్స్ సంగతి ఇప్పుడు అర్థమైంది. నాకు చాలా ముందే అర్థమవ్వాల్సింది.

జూన్ 15

రేకు కోసేశాను. అతకొచ్చు, కానీ ఇద్దరు కలిసి ఒక గేరు వేసే బండిని రోడ్డు మీదికి నేను పంపలేను.

జూన్ 21

పని అయింది. మొదటిసారి కర్రను గేర్‌బాక్స్‌కి కలిపే రాడ్లు తిరగేసి బిగించాను. ముందుకి పోవాల్సిన బండి వెనక్కి పోయి తులసి కుండీని పడగొట్టింది. విప్పి మళ్ళీ బిగించాను. పాత కర్ర గుడ్డలో చుట్టి సీటు వెనక పెట్టమన్నారు మామయ్యగారు. పెట్టాను.

నాబ్ ఆయన అరచేతిలో అతికినట్టు కూర్చుంది. ఇంత బాగా వచ్చిన పని ఈ ఏడాది ఇంకోటి లేదు.

జూన్ 22

నేను ట్రక్కు వెనక తొట్టిలో నిలబడ్డాను. క్యాబిన్ వెనక అద్దం తీసే ఉంది. మామయ్యగారు స్టీరింగ్ దగ్గర, అత్తయ్య కిటికీ పక్కన.

ఆయన క్లచ్ తొక్కారు. ఫస్ట్ అన్నారు. అని ఆగారు. అత్తయ్య చెయ్యి లేచి, కాలమ్ వైపు వెళ్ళి, ఏమీ లేని చోట ఆగింది. గాజులు గలగలమన్నాయి. ఇద్దరూ ఆ చేతినే చూశారు. ఆవిడ దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఆయన తన గేరు తను వేసుకున్నారు.

బండి బాగా నడిచింది. వీధి చివర నుంచి వెనక్కి వచ్చేశారు. గాలి నిజంగానే బాగా వస్తోందన్నారు అత్తయ్య.

నాకు బాధేసింది.

జూన్ 24

మామయ్యగారు ఒక్కరే కొండకి వెళ్ళి వచ్చారు. క్లచ్ వాసన లేదు. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులట. నిన్నటిదాకా లేవు. మా ఆయన తండ్రిని మెచ్చుకుని, నన్ను మెచ్చుకుని, రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాడు. మామయ్యగారు మాత్రం సగంలో లేచిపోయారు. దారంతా ఖాళీ సీటుకి ఫస్ట్, ఫస్ట్ అని చెబుతూనే ఉన్నానమ్మాయ్ అని నాకొక్కదానికే చెప్పారు.

మా వర్క్‌షాపులో ఎవరైనా కొత్త కాలు తీసుకెళ్ళి మూల పడేస్తే, తప్పు ఆ మనిషిది అనం. కొలత మళ్ళీ తీస్తాం. నేను ఒక్కరి కొలతే తీశాను.

జూన్ 25

స్టీరింగ్ దగ్గర కూర్చుంటారా అని అత్తయ్యను అడిగాను. ఈ వయసులోనా, నలుగురూ నవ్వరూ అన్నారు. పప్పు పోపు పెట్టారు. దింపారు. గిన్నె కడిగారు. అప్పుడు, క్లచ్ బాగా బరువుంటుందా అని అడిగారు.

జూన్ 27

ఆవిడ పేర లెర్నర్ లైసెన్సు వచ్చింది. మా ఆయనకి గాజుల సంగతి అప్పుడు చెప్పాను. విని, లేచి వెళ్ళి ఎర్ర పెయింటుతో ఎల్ బోర్డు తనే రాశాడు. వంకరగా వచ్చింది.

జూన్ 29

ఇటుకల బట్టీ వెనక మైదానం. అత్తయ్య స్టీరింగ్ దగ్గర, మామయ్యగారు కిటికీ పక్కన. ఆవిడ క్లచ్ తొక్కి, ఫస్ట్ వెయ్యండి అన్నారు. ఆయన వేశారు.

ఆవిడ ఎడమ చెయ్యి ఖాళీగానే ఉంది, గేరు తనే వేసుకోవచ్చు. ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

నాబ్ మళ్ళీ పోయాలి. ఈసారి ఆయన కుడి చేతికి.