ఒంటి మీది గీతలు

ఢిల్లీ కంటోన్మెంట్, ఆగస్టు

ప్రియమైన శ్రీవారికి,

జమ్మూ వరదల్లో మీ ఫోను మూగబోయింది కాబట్టి, ఈ వయసులో మనకు ప్రేమలేఖలు తప్పలేదు. రొమ్ములో కేన్సర్ గడ్డ తీసేశాక నన్ను యమున అవతలి ఆసుపత్రికి పంపారు కదా, అక్కడ రోజూ కరెంటు, అదే రేడియేషన్, పెడుతున్నారు. ఎక్కడ పెట్టాలో తెలియడానికి ఛాతీ మీద ఊదారంగు గీతలు గీశారు. అవి చెరగకూడదు, వైద్యం మధ్యలో ఆగకూడదు అని డాక్టరుగారి హెచ్చరిక. అందుకే స్నానం లేదు, తడిగుడ్డతో తుడుచుకోవడమే. అత్తయ్యకు గీతల సంగతి చెప్పలేదు. ఛాతీ తెరిచి ఎలా చూపించను? స్నానం ఎందుకు మానావంటే జలుబన్నాను. యమున పొంగుతోందని టీవీల్లో ఒకటే గోల.

మీ మనీష

జమ్మూ, ఆగస్టు చివర

ప్రియమైన మనీకి,

పగలంతా పడవలోనే ఉంటున్నాం. ఇళ్ల కప్పుల మీద నుంచి ముసలివాళ్లను, పిల్లలను దించుతున్నాం. నువ్వు మాత్రం ఒక్క రోజు కూడా వైద్యం మానకు. వచ్చే నెల సెలవు ఖాయమని సుబేదార్ సాబ్ అన్నారు. వైద్యం ముగిసే రోజుల్లో నేనే నిన్ను ఆసుపత్రికి తీసుకెళ్తాను. అమ్మను అడిగానని చెప్పు.

నీ హేమసుందర్

ఢిల్లీ, సెప్టెంబరు

ప్రియమైన మీకు,

పోయినవారం వంతెన దాటాక ఆటోవాడు "దీదీ, ఆగే పానీ హై" అని, ముందంతా నీళ్లేనని దించేశాడు. మోకాటిలోతు మురుగులో నడిచి వెళ్తే, కరెంటు మిషన్ ఉన్న కింది అంతస్తు మునిగిపోయింది. "గీతలు ఉన్నాయి కాబట్టి ఎల్లుండి గురుగ్రామ్‌లోని మా ఇంకో ఆసుపత్రిలో కొనసాగిస్తారు" అన్నారు అక్కడివాళ్లు. ప్రాణం లేచొచ్చింది. కానీ వణుకుతూ ఇంటికి వచ్చి గుమ్మంలోనే పడిపోయాను.

"ఓలమ్మ, ఊరి మురుగంతా తొక్కీసొచ్చినావు!" అంటూ అత్తయ్య వేడినీళ్లు పోసి, సున్నిపిండితో ఒళ్లంతా రుద్దారు. తెలివి వచ్చి చూసుకుంటే ఒక్క గీత లేదు. మురుగు మరకలనుకున్నారు పాపం. ఇప్పుడు మళ్లీ స్కాన్ తీసి, మళ్లీ గీయాలి. మునిగిన ఆసుపత్రి రోగులంతా గురుగ్రామ్‌లోనే వరసలో ఉన్నారు. నా వంతు దీపావళి దాటాకేనట. త్వరగా రండి, నాకు భయంగా ఉంది.

మీ మనీష

జమ్మూ, అక్టోబరు

ప్రియమైన మనీకి,

రోడ్లు కొట్టుకుపోయి టపా రావడం లేదు, ఇది సెలవు మీద వెళ్లేవాళ్ల చేతికిచ్చి పంపుతున్నాను. నీ నుంచి కబురు లేదంటే అంతా సవ్యమేనని అనుకుంటున్నాను. కష్టమొస్తే ఊరుకునే మనిషివా నువ్వు! నాతో పడవలో ఉండే జవాను అర్జున్ ఇల్లు కొండచరియ కింద పోయింది. నా వంతు సెలవు వాడికి ఇమ్మన్నాను. కోప్పడకు.

నీ హేమసుందర్

ఢిల్లీ, నవంబరు

ప్రియమైన మీకు,

మీ ఫోను మళ్లీ పలుకుతోందని తెలుసు. అత్తయ్య పక్కనే ఉంటారు, అందుకే రాస్తున్నాను. నా సెప్టెంబరు ఉత్తరం ఈపాటికి మీకు చేరే ఉంటుంది. నా వంతు వచ్చింది. స్కాన్‌లో జబ్బు ఊపిరితిత్తుల్లోనూ కనిపించింది. ఇక నయం చేయడానికి కాదు, నొప్పి తెలియకుండా ఉండడానికే మందులట. వైద్యం ఆగకపోయినా ఇలాగే అయ్యేదేమో చెప్పలేమన్నారు.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. మీరు రచ్చ గెలిచారు. అర్జున్‌కు సెలవిచ్చినందుకు తప్పు పట్టను గానీ, కోపం మాత్రం వచ్చింది. అంతమందిని గట్టెక్కించారు, నన్ను ఒక్క వంతెన దాటించేవాళ్లు లేకపోయారు.

సెలవు దొరికినా దొరక్కపోయినా బయలుదేరండి. మిషన్ మునగడం వల్లే వైద్యం ఆగిందని అత్తయ్యకు చెప్పాను. స్నానం సంగతి ఎప్పటికీ మీ నోట రానివ్వకండి. నేను పోయాక ఈ ఇంట్లో మీరిద్దరే ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలి.

మీ మనీష