చప్పుడు విన్న మనిషి

అమ్మకు నీ యెగోర్ వంగి నమస్కరించి రాస్తున్నది. నా ఒంటికి ఏ లోటూ లేదు. ఆస్ట్రాఖాన్‌లో నువ్వూ, చెల్లి గ్లాషా కులాసాగా ఉన్నారనుకుంటున్నాను. దీన్ని టపాలో వేయడంలేదు; గాయపడి ఇంటికొస్తున్న మన ఊరివాడి చేతికిస్తున్నాను.

మీ ఓడ ఎటు వెళ్తోందని అడిగావు. ఎటూ వెళ్లదమ్మా. జార్ కాలంనాటి ముసలి యుద్ధనౌక. ఇంజన్లు పీకేసి, విమానాలను కూల్చే ఫిరంగులు బిగించి, సెవాస్టోపోల్ రేవు ముందు లంగరు దించారు. ఫాసిస్టుల బాంబర్లను ఊరి మీదికి రానివ్వకపోవడమే మా పని.

ఓడలో మేమంతా బాబాయి అని పిలిచే ప్రోఖర్‌కి నువ్వల్లిన మేజోళ్లు సరిపోయాయా అన్నావు. అవి వచ్చేసరికి ఆయన లేడు.

ఇరవై ఏళ్లు ఈ ఓడ బాయిలర్లకే బొగ్గు వేసిన మనిషి. ఇంజన్లు పీకేశాక ఆయన్ని నా ఫిరంగి దగ్గర వేశారు. దుర్భిణి ఇచ్చి ఆకాశం చూడమంటే, కళ్లు మూసుకుని వినేవాడు. నాకు ఒళ్లు మండేది. శత్రు విమానాల ఆకారాలన్నీ అచ్చువేసిన కరపత్రం నాకు కంఠతా వచ్చు మరి.

నవంబరు పదకొండున మబ్బులోంచి రెండు ఇంజన్ల విమానం దిగింది.

"ఆగరా, ఆ చప్పుడు మనవాళ్లది" అన్నాడు.

"కరపత్రంలో చప్పుళ్లు వేయలేదులే, పిరికి ముసలాడా" అని కాల్పించాను. సముద్రంలో పడింది. ఒక విమానం కూల్చిన గుర్తుగా ఫిరంగి మీద ఎర్ర నక్షత్రం నేనే గీశాను. ఆ సాయంత్రమే పత్రికవాళ్లు వచ్చారు. మీ చేపల ఫ్యాక్టరీ గోడకు అంటించామన్న నా ఫొటో అదేనమ్మా.

మర్నాడు పడవవాళ్లు తెచ్చిన శవం మన పైలట్‌ది.

విచారణలో నేను నోరు తెరవకముందే, శత్రువని చెప్పింది తానేనన్నాడు బాబాయి. నేనిక తెరవలేదు. న్యాయం గురించి నీకు అన్ని ఉపన్యాసాలిచ్చినవాణ్ణి, బూట్లకేసి చూస్తూ నిలబడ్డాను. ఆయన్ని కొండమీది కందకాలకు పంపేశారు. పడవలోకి దిగుతూ, "నీ కరపత్రం మంచిదేరా. కాస్త వినడం కూడా నేర్చుకో" అన్నాడు. తిట్టినా బాగుండేది. పదోరోజున పోయాడు.

పొద్దున డ్యూటీ దిగగానే కెప్టెన్‌కి ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. ఆ తర్వాత నా ఉత్తరాలు రాకపోతే ఆఫీసుల చుట్టూ తిరగకు.

చర్చికి వెళ్తావని నిన్నెన్ని మాటలన్నానో. ఈ ఆదివారం వెళ్లమ్మా. బాబాయికి నా అన్నవాళ్లు లేరు. ఆయన పేర ఒక కొవ్వొత్తి వెలిగించు. పక్కనే ఇంకొకటి పెట్టు. ఆ పైలట్ పేరు మాకెవరూ చెప్పలేదు.

ఇట్లు,
నీ కొడుకు
యెగోర్