మీ అమ్మ పడవెక్కిన పొద్దు

చిరంజీవి ప్రియదర్శినికి బాపు దీవెనలు. ఇక్కడ నేనూ మీ అమ్మా బాగున్నాం. మీరంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఈ ఇంట్లో ఫోన్ అందడం లేదని నువ్వు కొరియర్‌లో పంపిన ఉత్తరం నిన్న ముట్టింది. కొన్నాళ్ళు ఉండి రమ్మని నువ్వు మా కోసం మాట్లాడిపెట్టిన ఇల్లు ఎలా ఉందని అడిగావు. డచ్చి దొరలు కట్టించిందట. గోడలు మన బావి ఒర కంటే మందం. పైగది కిటికీ తెరిస్తే కింద పడవలు, ఆరేసిన వలలు, వాటి వెనక సముద్రం. వచ్చిన రోజు నుంచి మీ అమ్మ ఆ కిటికీని వదలడం లేదు. ఆమె మోకాళ్ళ గురించి బెంగ వద్దు, చెక్కమెట్లు నాకంటే ముందు ఎక్కుతోంది. ఇల్లు చూసుకునే నూకాలమ్మ చేపల పులుసు బాగా వండి పెడుతోంది.

నాకే నిలకడ లేదు బిడ్డా. చేయడానికి పని లేదు. వరండాలో కూర్చుంటాను, లేస్తాను, గేటు దాకా పోయి వస్తాను. మన ఊరు కొత్వాల్‌గూడలో నెత్తి మీద విమానం పోతున్నా కునుకు పట్టేది. ఇక్కడ అలల చప్పుడు ఒక్క క్షణం ఆగదు. మన బర్రె ఈనే రోజులు. పక్కింటి సత్తయ్యకు అప్పజెప్పి వచ్చినా మనసంతా కొట్టంలోనే ఉంది.

ఇగ అసలు సంగతి. రోడ్డు మీదికి పోతే ఫోన్ కలుస్తుంది కానీ, ఈ సంగతి నోటితో చెప్పలేను. అందుకే రాస్తున్నాను.

మొన్న బజారుకు పోయి తిరుగు టికెట్లు ముందుకు మార్పించాను. ముచ్చటపడి పంపినదానివి, నిన్ను అడగలేదు. మీ అమ్మనూ అడగలేదు. అన్నం తింటున్నప్పుడు చెప్పాను. ఆమె పళ్ళెం తీసుకుని లేచింది.

తెల్లారి చూస్తే ఇంట్లో లేదు. తన పెనిమిటి చేపల వేటకు పోతుంటే మీ అమ్మ కూడా ఆ పడవెక్కిందని నూకాలమ్మ చెప్పింది. మామూలుగా ఆడవాళ్ళను ఎక్కించుకోరట, మీ అమ్మే బతిమాలుకుందట. "గాబరా పడకండి బాబూ, వొచ్చేత్తారు" అంది. ఇసుకలో అటూ ఇటూ తిరిగాను. దూరంగా కనబడిన ప్రతి పడవా అదేననుకున్నాను. పెళ్ళయినప్పటి నుంచి నేను రావడం, ఆమె ఎదురుచూడటమే తప్ప, ఆమె కోసం నేను అలా నిలబడింది ఎన్నడూ లేదు.

పొద్దెక్కాక పడవ వచ్చింది. మీ అమ్మ తడిసిన చీరతో, విడిపోయిన కొప్పుతో నవ్వుకుంటూ దిగింది. నన్ను చూసి నవ్వు ఆపేసింది.

"చెప్పి పోవద్దా?" అన్నాను.

"టికెట్లు మార్చినప్పుడు నువ్వు నాకు చెప్పినవా?" అంది. అందులో కోపం కూడా లేదు. "ఊరు దాటి గిట్ల వచ్చుడు నాకిదే మొదలు. గిది గూడ నడుమల్నే తెంపితివి."

ఆ పూటే పోయి టికెట్లు రద్దు చేయించాను. ఎప్పుడు బయలుదేరుదామో నువ్వే చెప్పు అని మీ అమ్మతో అన్నాను. ఆమె ఇంకా చెప్పలేదు. నాతో సరిగ్గా మాట్లాడటమూ లేదు. ఇందాక మాత్రం మెట్ల మీద నుంచి పిలిచి, "రేపు పడవ మల్ల పోతదట. నువ్వు వస్తవా?" అని అడిగింది.

నాకు ఈత రాదు. నీళ్ళంటే భయమని ఆమెకు తెలుసు. అయినా వస్తానన్నాను. నువ్వు వింటే వద్దంటావు, అందుకే ఈ ఉత్తరాన్ని రేపు పడవ దగ్గరికి పోయేటప్పుడే పోస్టు డబ్బాలో వేస్తాను.

ఇట్లు,
నీ మేలు కోరే బాపు,
మొగులయ్య