సుద్దకొండ నీడ

ర్యూగెన్ దీవి, జూన్ 1824

ప్రియమైన నాన్నగారికి,

నా ఉత్తరాలకు జవాబు లేదు. ఓడలకు దారి చూపే పడవవాణ్ణి పెళ్లాడానన్న కోపం మీకింకా తగ్గలేదని తెలుసు. అందుకే ఈసారి సంసారం సంగతులు రాయను, రంగుల సంగతి రాస్తాను.

ఇక్కడి సుద్దకొండలు పొద్దున మీగడలా ఉంటాయి. ఎండ ఎక్కేకొద్దీ వాటి నీడలోకి నీలం దిగుతుంది. బొమ్మలో ఆ నీడకి మీరు నేర్పినట్టే మట్టిరంగు వేసి చూశాను. కొండకి బురద పూసినట్టయింది. తుడిచేసి నీలం వేశాను.

"మీ నాన్నగారు చూస్తే తిడతారేమో" అన్నాడు మీ అల్లుడు యోర్న్.

"తిట్టడానికైనా రాస్తారులే" అన్నాను.

మీ హెడ్విగ్

డ్రెస్డెన్, జూలై

అమ్మాయీ,

రాశాను, చూసుకో. నీలం నీడ అనేది లేదు. నీడ మట్టిరంగులో ఉంటేనే వెలుగు నిలబడుతుందని ఇన్నేళ్లుగా పాఠం చెబుతున్నాను. సముద్రం పక్కన కాపురం పెడితే కళ్లు మారిపోతాయా? బొమ్మ పంపు. తప్పులు గుర్తుపెట్టి తిప్పి పంపుతాను.

అక్కడ ఈదురుగాలి ఎక్కువట. మెడకి శాలువా చుట్టుకో.

నాన్న

ర్యూగెన్, ఆగస్టు

ప్రియమైన నాన్నా,

ఉప్పుచేపల బండిలో బొమ్మ పంపుతున్నాను, వాసనకి విసుక్కోకండి. మొన్న తుఫాను కమ్మిన మధ్యాహ్నం కొండమీద నిలబడి చూసింది గీశాను. ఆ మధ్యాహ్నం ఎలా గడిచిందో రాయబోతే చెయ్యి సాగడం లేదు. బొమ్మలోనే చూడండి. ఇద్దరం క్షేమంగానే ఉన్నాం.

మీ హెడ్విగ్

డ్రెస్డెన్, సెప్టెంబరు

నా తల్లీ హెడ్విగ్,

తప్పులు గుర్తుపెడదామని సుద్దముక్కతో కూర్చున్నాను. కాసేపటికి దాన్ని జేబులో వేసుకున్నాను. కొండ నీడ నీలమేనమ్మా. నువ్వు వేశాక ఇంకో రంగు ఊహకి రావడం లేదు.

శిష్యులను పిలిచి చూపించాను. ఒకడు దగ్గరికొచ్చి వంగి చూసి, "ఎవరు వేశారండీ?" అన్నాడు.

"మా అమ్మాయి" అన్నాను.

పైనంతా మబ్బు, కిందంతా నల్లటి నీళ్లు. ఉన్న వెలుగు బొటనవేలంత. ఆ కాస్తా తీసుకెళ్లి, పడవలో తెడ్డు వేస్తున్న మనిషి వీపు మీద పెట్టావు. ఆ మనిషెవరో నాకెవరూ చెప్పనక్కర్లేదు. తిరిగొస్తాడో రాడో తెలియక ఒడ్డున నిలబడ్డ వాళ్లకే వీపు అంత స్పష్టంగా కనిపిస్తుంది. వెలుగును ఎలా కలపాలో నేను నేర్పాను. ఎవరి మీద వెయ్యాలో నువ్వు కనుక్కున్నావు.

వచ్చే వారం బయలుదేరుతున్నాను. పడవెక్కి ఆ కొండ నీడలోకి వెళ్లాలి. నాకు నీళ్లంటే భయం. నవ్వొద్దని అల్లుడితో చెప్పు.

ఆశీస్సులతో,
నాన్న